ఈరోజు పైకి వెళ్ళొచ్చా?

(హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ ఇష్టపడే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును అలాగే ఉంచి, అక్కడక్కడ చిన్న సవరణలు మాత్రమే చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో చిన్నపిల్లలు కూర్చున్నారు, వెనకాల పెద్దవాళ్ళు కూడా చాలామంది కనిపిస్తున్నారు. చాలా సంతోషం. మైకు వినిపిస్తోందా? సరే.

నేను పుట్టి పెరిగింది వారాసిగూడలో. ఉద్యోగం మాదాపూర్‌లో. 2021లో ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ఏ ఇంటి నుంచి అని వాళ్ళు అడగలేదు. రెండు నెలలు ఉండొద్దామని హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలీ వెళ్ళాను. పాత మనాలీలో ఒక ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. ఇప్పటికీ ఆ గదిలోనే ఉంటున్నాను.

మీలో చాలామంది మనాలీ చూసే ఉంటారు. మాల్ రోడ్డు, హిడింబా గుడి, సోలాంగ్, మంచులో ఫోటోలు. మూడు రోజుల్లో అన్నీ అయిపోతాయి. నేను చెప్పబోయేది ఆ నాలుగో రోజు నుంచి ఏముంటుందన్న సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనం 8,096 మంది. మన దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాలనీలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. సముద్రమట్టానికి దాదాపు 2,050 మీటర్ల ఎత్తు. మన హైదరాబాద్ 540 మీటర్లు అనుకోండి, దాదాపు నాలుగింతలు. ఊరి పక్కనే బియాస్ నది. పాత మనాలీకీ కొత్త బజారుకీ మధ్య మనాల్సూ అని ఒక వాగు పారుతుంది. ఇంటి గుమ్మంలోంచి బయటికొస్తే చాలు, నడక దారులు, రాతి గోడలు, మంచు వాలులు అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటాయి. ఆటలాడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా అనుకున్నాను మొదటి వారం.

ఆ మొదటి వారంలో జరిగిన సంగతి చెప్తాను. మా ఇంటి యజమానురాలిని నేను అమ్మాజీ అంటాను. అరవై దాటిన మనిషి. పొద్దున్నే ఆవుకి గడ్డి వేసి వచ్చి, అరుగు మీద నిలబడి పైకి చూస్తుంది. దారిన పోయే వాళ్ళు కూడా ఆగి పైకి చూస్తారు. వాళ్ళు ఒకరినొకరు అడుక్కునే మాట ఒకటే, ఈరోజు పైకి వెళ్ళొచ్చా అని. పశువులు మేపేవాళ్ళకి, కట్టెలకి వెళ్ళేవాళ్ళకి, గైడ్లకి అందరికీ అదే ప్రశ్న. ఆ రోజు నేను బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని దిగాను. భృగు సరస్సుకి వెళ్ళాలని. "ఎవరినడిగావు?" అంది. ఫోన్ చూపించాను, ఎండ గుర్తు ఉంది. ఆమె ఫోన్ వైపు చూడనుకూడా చూడలేదు. వాళ్ళబ్బాయిని పిలిచి నాతో పంపించింది. అతను గైడు, నేను భయ్యా అంటాను.

భృగు సరస్సు 4,235 మీటర్ల ఎత్తున ఉంటుంది. మేం పచ్చిక బయళ్ళ దాకా వెళ్ళాం. పదకొండు కాకముందే భయ్యా ఆగిపోయాడు. ఆకాశం నాకు బాగానే కనిపిస్తోంది. అవతలి కొండ మీద ఒక్క మబ్బు ముక్క ఉంది, అంతే. "ఇక దిగుదాం" అన్నాడు. సరస్సు ఇంకో గంట దూరంలో ఉంది. నాకు కోపం వచ్చింది. సెలవు పెట్టుకుని వచ్చాను, డబ్బులు ఇస్తున్నాను, నడవగలుగుతున్నాను. అతను వాదించలేదు, దిగడం మొదలుపెట్టాడు. గంట గడవకముందే వడగళ్ళు పడ్డాయి. పొద్దుట నడిచొచ్చిన దారి కనిపించలేదు. ఒక పెద్ద రాయి చాటున కూర్చున్నప్పుడు నా చేతులు ఎంత వణికాయో నాకు ఇప్పటికీ గుర్తు. కిందికి వచ్చాక డబ్బులిస్తే సగమే తీసుకున్నాడు. సరస్సు చూపించలేదుగా అన్నాడు.

ఆ రోజు నుంచి నేను అడగడం నేర్చుకున్నాను. నాలుగేళ్ళలో భృగు సరస్సుకి ఆరుసార్లు బయల్దేరాను. చూసింది మూడుసార్లే. మిగతా మూడుసార్లు వెనక్కి తిరిగినందుకు నాకు చింత లేదు.

ఇక్కడ భువనగిరి గుట్ట ఎక్కినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. నేనూ రాయి పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. మన హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఎండకి ఎండి, వానకి తడిసి, ఊడిపోయేదంతా ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన రాయి మొండి రాయి. భువనగిరిలో అంచు పట్టుకుంటే అది నీతో రాదు. అందుకే మన వాళ్ళకి రాయి మీద ఒక నమ్మకం ఉంటుంది. హిమాలయాల సంగతి వేరు. మన భూభాగం ఆసియాని గుద్దుకోవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళే అయింది, ఆ కొండలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. అక్కడ చాలాచోట్ల రాయి పొరలు పొరలుగా ఉంటుంది. రాత్రి పగుళ్ళలో నీళ్ళు గడ్డకట్టి రాయిని విడదీస్తాయి, పగలు ఎండకి కరగ్గానే ఆ రాయి జారుతుంది. అందుకే కొన్ని లోయల్లో మధ్యాహ్నం దాటాక నడవొద్దంటారు. నేను భువనగిరి అలవాటుతో ఒక అంచు పట్టుకుని లాగితే, పళ్ళెం అంత రాయి చేతిలోకి వచ్చేసింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పక్కన ఉన్న కుర్రాడు చెప్పింది ఇదే: ముందు తట్టి చూడక్కా, బోలు శబ్దం వస్తే ముట్టుకోకు.

నీళ్ళ సంగతి కొంచెం నిదానంగా చెప్తాను. ఈ ఊళ్ళో నిలబడి చెప్పాల్సిన మాట ఇది.

2014 మే 25న మన మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఆ పిల్లల శిక్షణ భువనగిరి రాయి మీద మొదలై, డార్జీలింగ్, లడఖ్ దాకా నెలల తరబడి సాగింది. పక్కనే నిలబడి, ఇప్పుడు ఎక్కు, ఇప్పుడు ఆగు అని చెప్పే పెద్దలు ఉన్నారు.

సరిగ్గా 14 రోజుల తర్వాత, జూన్ 8న, ఆదివారం సాయంత్రం, మన హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్ళిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగారు. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, బండరాళ్ళు తేలి ఉన్నాయి. రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళు వచ్చేశాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. వారాల తరబడి వెతికారు. మనకు కొత్త రాష్ట్రం వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. మా వీధిలో టీవీల ముందు జనం ఎలా కూర్చుండిపోయారో నాకు గుర్తుంది.

అప్పుడు చాలామంది అన్నారు, పిల్లలకు బుద్ధి ఉండక్కర్లేదా అని. నేను ఆ నది ఒడ్డునే ఉంటున్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ పిల్లల తప్పు ఏముంది? కరెంటు తయారుచేసే చోట ఉత్పత్తి తగ్గించారంటే, టర్బైన్లకి వెళ్ళాల్సిన నీళ్ళు గేట్ల గుండా నదిలోకే రావాలి. అంటే వాన చినుకు పడకపోయినా, ఆకాశం నీలంగా ఉన్నా, నది నిమిషాల్లో పొంగొచ్చు. ఈ సంగతి అక్కడ ఊరి చంటిపిల్లకి కూడా తెలుసు. ఎక్కడి నుంచో వచ్చిన పిల్లలకి ఎవరో ఒకరు చెప్తే కదా తెలిసేది.

మన దగ్గర ఆ ఎరుక లేదా? ఉంది. వానాకాలంలో గండిపేట గేట్లు ఎత్తారంటే మూసీ ఒడ్డున ఉన్నవాళ్ళు గిన్నెలు సర్దుకుంటారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని మా తాతయ్య చూపించేవాడు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నది ఎలా వస్తుందో మనకు తాతల నుంచి అందింది. బియాస్ ఎలా వస్తుందో అక్కడి తాతలకు తెలుసు. మన ఎరుకను బ్యాగులో పెట్టుకుని అక్కడికి వెళ్తే పనికిరాదు, అక్కడిది అక్కడ అడిగి తెచ్చుకోవాలి. అందుకే నేను హైదరాబాద్ నుంచి ఎవరు వచ్చినా, టీ ఇవ్వకముందే ఈ మాట చెప్తాను: నది మధ్యలో రాయి ఎంత అందంగా కనిపించినా దాని మీదికి వెళ్ళకండి.

మంచు కరిగి వచ్చే వాగులకి ఇంకో లెక్క ఉంది. పొద్దున మోకాలి లోతు ఉన్న వాగు మధ్యాహ్నం మూడింటికి నడుము దాటుతుంది. పగటి ఎండకి పైన మంచు కరిగి, ఆ నీళ్ళు కిందికి చేరేసరికి ఆ వేళ అవుతుంది. కొండల అవతల లాహౌల్ లోయ ఉంది, అటువైపు బాతల్ వెళ్ళే దారిలో ఒక వాగు రోడ్డు మీదుగానే పారుతుంది. దాని పేరు పాగల్ నాలా, అంటే పిచ్చి వాగు. పొద్దున్నే దాటినవాడికి ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థం కాదు. మధ్యాహ్నం వచ్చినవాడు జీపులోంచి దిగి దండం పెడతాడు.

ఇక 2023 జూలై. 9వ తేదీ రాత్రి వాన ఆగకుండా పడింది. మా ఇల్లు వాలు మీద పైన ఉంది, అయినా కింద నదిలో బండరాళ్ళు దొర్లుతుంటే మంచం కాళ్ళు కదిలాయి. అది నీళ్ళ శబ్దం కాదు, రాయిని రాయి గుద్దుకునే శబ్దం. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోన్ లేదు, నది పక్కన పెద్ద రోడ్డు చాలాచోట్ల లేదు. మా అమ్మ ఇక్కడ టీవీలో నది చూస్తూ ఎంత టెన్షన్ పడిందో ఆ తర్వాత తెలిసింది.

రెండో రోజు కింద బజారులో తెలుగు వినిపించింది. వరంగల్ నుంచి వచ్చిన కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. నది ఒడ్డు హోటల్ ఖాళీ చేయించారట. అమ్మాజీకి చెప్పాను. తీసుకురా అంది, ఇంకేం అడగలేదు. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. రోజూ రాజ్మా, అన్నం. మూడో రోజుకి ఆ పెద్దమ్మ నా చెవిలో, "బిడ్డా, ఏమన్న పచ్చడి ఉన్నదా?" అంది. మా అమ్మ పంపిన గోంగూర సీసా తీశాను. అమ్మాజీ కూడా రుచి చూసింది, నీళ్ళు తాగింది, మళ్ళీ పెట్టించుకుంది. ఎడమ గట్టు మీద నగ్గర్ వైపు రోడ్డు తెరిచాక వాళ్ళు వెళ్ళారు.

ఆ వరదలో నేను చూసింది ఒకటి చెప్పాలి. పోయిన కట్టడాలు ఎక్కువగా నదిని ఆనుకుని ఈ మధ్య కట్టినవి. పాత ఊరి ఇళ్ళు పైన, వాలు మీద, చెక్కు చెదరకుండా ఉన్నాయి. వాటిని కాఠ్‌కుణీ కట్టుబడి అంటారు. ఒక వరస దేవదారు దూలం, ఒక వరస రాయి, మధ్యలో సిమెంటు ఉండదు. భూమి కదిలితే ఇల్లు కూడా కొంచెం కదిలి సర్దుకుంటుంది. నగ్గర్ కోట అలా కట్టిందే, 1905 ఏప్రిల్‌లో కాంగ్రా భూకంపాన్ని తట్టుకుంది. కింద అంతస్తులో పశువులు, పైన మనుషులు. పశువుల వెచ్చదనం పైకి వస్తుంది. ఈ ఇళ్ళు కట్టినవాళ్ళు కూడా ఆ రోజుల్లో ఎవరినో అడిగే ఉంటారు, నీళ్ళు ఎందాకా వస్తాయని. ఇప్పుడు నది పక్క గదికి అద్దె ఎక్కువ వస్తుంది కాబట్టి ఎవరూ అడగడం లేదు. గది బుక్ చేసుకునేటప్పుడు మనమూ "రివర్ వ్యూ" కావాలంటాం. నాకు బాధ కలిగించేది ఇదే. మనం అడిగేదాన్ని బట్టే అక్కడ కడుతున్నారు.

నగ్గర్ అన్నాను కాబట్టి ఒక చిన్న ముచ్చట. రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ 1928 నుంచి చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన కోడలు ఎవరో తెలుసా? మన వాల్తేరులో పుట్టిన నటి దేవికా రాణి. ఆమె నడిచిన తోటలో నేనూ నడిచాను, ఎందుకో సొంత ఊరు మనిషి ఇంటికి వెళ్ళినట్టనిపించింది.

చలికాలం గురించి అందరూ అడుగుతారు. పని ఎక్కువ, వెలుతురు తక్కువ. అక్టోబర్ లోపు కట్టెలు పేర్చుకోవాలి. గడ్డి కోసి ఎండబెట్టుకోవాలి. ఆడవాళ్ళు కిల్టా అనే పొడుగాటి బుట్ట వీపుకి తగిలించుకుని మోస్తారు. నేను ఒక్కరోజు మోస్తే రెండు రోజులు నడుం పట్టేసింది. రాత్రి పైపులో నీళ్ళు గడ్డకట్టకుండా కొళాయి సన్నగా వదిలి పడుకోవాలి. మొదటి ఏడాది, నీళ్ళు వృథా చేయకూడదని నేను గట్టిగా కట్టేశాను. మన దగ్గర మంజీరా నీళ్ళకి ఎదురుచూసి పెరిగిన ప్రాణం కదా. పైపు పగిలింది, పదకొండు రోజులు బకెట్లతో మోశాను. ఇంట్లో తందూర్ అని ఇనుప పొయ్యి ఉంటుంది, దాని గొట్టం కప్పులోంచి బయటికి పోతుంది. దాని చుట్టూ కూర్చుని సిడ్డూ తింటాం. పులియబెట్టిన గోధుమపిండిలో గసగసాలో అక్రోట్లో కూరి ఆవిరికి ఉడికిస్తారు, నెయ్యి పోసి ఇస్తారు. కానీ ఒక్క మాట. గొట్టం లేని బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టుకుని పడుకోవద్దు. దాని విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికాలం వెళ్ళేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

మనకు సంక్రాంతి అంటే పతంగులు, డీజేలు, మేడల మీద కేకలు. నేను మొదటి సంక్రాంతికి గోషాల్ అనే పక్క ఊరికి వెళ్ళాను, స్నేహితురాలి ఇంటికి. గుమ్మంలోనే ఆమె నా ఫోన్ తీసుకుని సౌండ్ ఆపేసింది. మకర సంక్రాంతి నుంచి 42 రోజులు ఆ ఊరూ దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్ళూ మౌనంగా ఉంటాయి. దేవతలు తపస్సుకి వెళ్తారని నమ్మకం. టీవీ పెట్టరు, గట్టిగా మాట్లాడరు, పొలంలో మట్టి తవ్వరు. గుళ్ళో జల్లెడ పట్టిన మట్టి పరిచి తలుపులు మూస్తారు. తెరిచిన రోజు ఆ మట్టిలో ఏం కనిపించిందో చూసి ఏడాది ఎలా ఉంటుందో చెప్పుకుంటారు. నేను అక్కడ మూడు రోజులున్నాను. మొదటి రోజు చెవులు గుయ్యిమన్నాయి. రెండో రోజు మంచు కొమ్మ మీంచి జారి పడే శబ్దం వినిపించింది. మూడో రోజు నా ఊపిరి నాకు వినిపించింది. నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ వేళ మంచు కింద భూమికి విశ్రాంతి దొరుకుతోందని మాత్రం నాకు అనిపించింది. అక్కడ కూడా పర్యాటకులు స్పీకర్లు పెట్టుకుని వెళ్తారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఇక ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(శ్రోత: అక్కడ ఒక చిన్న ప్లాటు కొనుక్కోవచ్చా అమ్మా?)

ఎక్కడికెళ్ళినా మనకు మొదట వచ్చే ప్రశ్న ఇది, అడగడంలో తప్పేం లేదు. హిమాచల్‌లో 1972 నాటి భూసంస్కరణల చట్టం ఉంది, దాంట్లో 118వ సెక్షన్. అక్కడి వ్యవసాయదారులు కానివాళ్ళు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనడానికి లేదు. ఆ చట్టం ఉండాలనే నేను కోరుకుంటున్నాను. లేకపోతే ఆ ఆపిల్ తోటలు ఈపాటికి మన వెంచర్లయ్యేవి. అద్దెకి ఉండండి, చాలు.

(శ్రోత: ఆడపిల్లవు, ఒక్కదానివే. భయం వేయలేదా?)

మనుషులంటే వేయలేదండీ. ఒంట్లో బాగోకపోతే ఎలా అన్నదే భయం. రెండో ఏడు మెట్ల మీద మంచుకి జారి మణికట్టు విరిగింది. మొదట చూపించుకున్న చోట బెణుకు అన్నారు. వారం నొప్పి భరించి, 40 కిలోమీటర్లు కుల్లూ వెళ్ళి చూపించుకుంటే విరిగిందని తేలింది. పెద్ద జబ్బయితే చండీగఢ్ పోవాలి, అది 300 కిలోమీటర్లు, అదీ రోడ్డు ఉంటే. గర్భిణులున్న ఇళ్ళలో చలికాలానికి ముందే కింద ఊళ్ళో చుట్టాలింట్లో చోటు చూసుకుంటారు. ఈ సంగతి తెలిశాకే ఉండాలో వద్దో తేల్చుకోవాలి. నేను ఉన్నాను, ఇంకా ఉంటాను. కానీ మీ అమ్మాయిని పంపించండి అని చెప్పేటప్పుడు ఇది దాచలేను.

(శ్రోత: మా అమ్మకు డెబ్భై. మంచు చూడాలని ఎప్పట్నుంచో కోరిక. తీసుకెళ్ళొచ్చా?)

తప్పకుండా తీసుకెళ్ళండి. ముందు ఆమె డాక్టరుగారిని అడగండి, గుండె, ఊపిరితిత్తుల సంగతి. దిగిన రోజే పైకి వద్దు. రెండు రాత్రులు మనాలీలోనే పడుకోనివ్వండి. వశిష్ఠ్‌లో వేడినీటి బుగ్గలున్నాయి, మోకాళ్ళకి హాయిగా ఉంటుంది. 2020 అక్టోబర్‌లో అటల్ సొరంగం తెరిచాక 9 కిలోమీటర్లు దాటితే లాహౌల్. సిస్సూ దగ్గర చలికాలంలో, వసంతం మొదట్లో కారు పక్కనే మంచు ఉంటుంది. రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు, అంత ఎత్తు ఆమెకు అక్కర్లేదు. పైన తలనొప్పి, వాంతి, తడబాటు ఏది కనిపించినా ఫోటోలు ఆపి కిందికి దిగిపోండి, అదే మందు. మీరు ఏ తేదీల్లో వస్తున్నారో నాకు చెప్పండి. ఆ రోజు పొద్దున్నే అమ్మాజీని అడిగి మీకు ఫోన్ చేస్తాను.